మీకు తెలుసా? బండలో నీటి గీతలు

• అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. నేల కింద చాలాచోట్ల గట్టి గ్రానైట్, నైస్ రాళ్లే. నీరు దొరికేది పైనున్న మెత్తబడ్డ పొరలో, లోపలి పగుళ్లలోనే.

• ఈ పగుళ్లు, భ్రంశాలు ఉపగ్రహ చిత్రాల్లో తిన్నని గీతల్లా బయటపడతాయి. ఉన్నట్టుండి మలుపు తిరిగిన వంక, బీడులో వరసగా పచ్చగా నిలిచిన చెట్లు వాటి ఆనవాళ్లు. వీటినే లీనియమెంట్లు అంటారు.

• హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఈ గీతలను, రాతి రకాలను, నేల తీరును కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేర్చి 1:50,000 స్కేలులో భూగర్భ జల పటాలు రూపొందించింది. పటంలో సెంటీమీటరంటే నేలమీద అర కిలోమీటరు!

• అందుకే పటం చోటు చూపుతుంది, బోరు పాయింటు కాదు. పొలంలో జియాలజిస్టుతో పరీక్ష చేయించాకే బోరు వేయించండి.