చూచి వ్రాయుట: తైలవర్ణ చిత్రాభ్యాసము

అక్షరములు నేర్చు బాలునిచేత ఒజ్జ తాను పలకపై వ్రాసిన యక్షరములనే దిద్దించును. దానిని దొంగతన మనువారు లేరు. చిత్రలేఖనమందును ఇదియే పద్ధతి. పారిస్ నగరమందలి లూవ్ర్ చిత్రశాల 1793లో తెరువబడినది మొదలు విద్యార్థులు పూర్వుల పటముల యెదుట నిలిచి చూచి వ్రాయుచునే యున్నారు. అయితే అచ్చట నొక కట్టుబాటు గలదు. చూచి వ్రాసిన పటము మూలమునకు సరిసమానమైన కొలతలో నుండరాదు. అభ్యాసమునకును మోసమునకును నడుమ గీచిన గీత యది.

ఇట్టి యభ్యాసమునకు ఒక తపాలా ఉద్యోగి పటమును తీసికొందము. దీనిని వ్రాసినవాడు విన్సెంట్ వాన్ గో. 1853లో హాలెండున పుట్టి 1890లో ఫ్రాన్సున మరణించెను. ఇంప్రెషనిస్టులు వెలుగు కంటికి తోచినట్లు వ్రాసిరి. వారి తరువాత వచ్చి, తమ భావమునకు తగినట్లు రంగును మార్చుకొనిన వాన్ గో, సెజాన్, గోగా మొదలగువారికి 1910లో లండను ప్రదర్శనము నాడు రోజర్ ఫ్రై అను విమర్శకుడు పోస్టు ఇంప్రెషనిస్టులని పేరు పెట్టెను.

1888లో ఆర్ల్ పట్టణపు రైలు స్టేషనులో తపాలా పని చూచు జోసెఫ్ రూలాన్ వాన్ గోకు మిత్రుడయ్యెను. కూలి యిచ్చి మనుష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొను స్తోమత చాలని యా చిత్రకారునికి రూలానును, ఆతని భార్యయు, బిడ్డలును కూర్చుండి పటములు వ్రాయించుకొనిరి. రూలాన్ పటములే ఆరు. 1888 నాటి దొకటి అమెరికాలోని బోస్టన్ చిత్రశాలలో నున్నది. ముదురు నీలపు దుస్తులు, పసుపు బొత్తాములు, రెండు పాయల గడ్డము.

నూనె తగిలిన గుడ్డ చివుకును గనుక ముందు గుడ్డకు జిగురును, తెల్లని పూతయు వేయవలెను. అవిసెనూనె నీటివలె ఆవిరియై యారదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడును. కావున అడుగు పూతలలో నూనె తక్కువగాను, పై పూతలలో ఎక్కువగాను ఉండవలెను. తలక్రిందులైనచో పటము పగుళ్లు వాఱును.

ముఖము వద్దనే అసలు పరీక్ష. క్రొత్తవాడు నీడకై నలుపు కలిపి ముఖమును మసికుండ చేయును. వాన్ గో ఎఱుపు ప్రక్కన ఆకుపచ్చను నిలిపెను. ఇందులకు కారణము నేతశాలలో దొరకినది. పారిస్‌లోని గోబ్లెన్ నేతశాలలో నల్లనూలు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదు రాగా, అద్దకముల అధికారి షెవ్రల్ పరిశీలించి, దోషము నూలులో లేదనియు, ప్రక్కనున్న రంగులదే ప్రభావమనియు కనుగొని 1839లో గ్రంథము ప్రకటించెను. ఎఱుపు ఆకుపచ్చను, నీలము నారింజను, పసుపు ఊదాను రెచ్చగొట్టును. చూచి వ్రాయువాడు పట్టుకొనవలసిన దీ పొందికనే. గడ్డములోని వెండ్రుకలు లెక్కించుట వృథాశ్రమ.

అచ్చుబొమ్మను మాత్రము గ్రుడ్డిగా నమ్మరాదు. అందు రంగు దళసరి కానరాదు. పైగా వాన్ గో వాడిన కొన్ని ఎఱుపులు వెలిసిపోయినవి. ఆతని పడకగది చిత్రమున గోడలు ఒకప్పుడు ఊదావి, నేడు నీలముగా నున్నవి.

వాన్ గోయే 1889, 1890లలో సేన్ రెమీ చికిత్సాలయమున నుండి, మిలే వ్రాసిన రైతుల చిత్రములను నలుపుతెలుపు అచ్చుల నుండి చూచి, రంగులు తానే కల్పించి, ఇరువదింటి వఱకు వ్రాసెను. అది వాద్యకాడు ఇతరుల కృతిని తన మనోధర్మముతో వాయించుట వంటిదని ఆతని అభిప్రాయము. త్యాగరాజ కీర్తన పాడు గాయకుని ఎవరును చోరుడనరు గదా!

పటము ముగిసినపిమ్మట వెనుక మూలకర్త పేరును, మీ పేరును, సంవత్సరమును వ్రాయుడు. పై మెఱుగుపూతకు తొందర వలదు. రంగు దళసరిని బట్టి ఆరునెలలైనను, ఏడాదియైనను ఆరనిండు.