యూనిట్ - 9: కోడ్ రాసే ఏఐ సాధనాలు - మారుతున్న సాఫ్ట్‌వేర్ పని

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సాఫ్ట్‌వేర్ పనిలోని దశలు
9.3 ఏఐ సాధనాలు కోడ్ ఎలా రాస్తాయి?
9.4 ఉదాహరణ: ధాన్యం కొనుగోలు లెక్క
9.5 పని నిజంగా వేగవంతమైందా?
9.6 కొత్తగా చేరేవారి పరిస్థితి
9.7 అభ్యాసకులు పాటించవలసిన పద్ధతి
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• సాఫ్ట్‌వేర్ తయారీలోని దశలను, వాటిలో ఏఐ సాధనాలు ఎక్కువగా మార్చిన దశను గుర్తించగలుగుతారు.
• ఏఐ ఇచ్చిన ప్రోగ్రాం ఆగకుండా నడిచినా తప్పు ఫలితం ఎందుకు ఇవ్వవచ్చో ఉదాహరణతో వివరించగలుగుతారు.
• పని వేగం మీద, ఉద్యోగాల మీద జరిగిన అధ్యయనాల ఫలితాలను పోల్చగలుగుతారు.
• ఏఐ సాధనాలను వాడుతూనే ప్రోగ్రామింగ్ నేర్చుకొనే పద్ధతిని అనుసరించగలుగుతారు.

9.1 పరిచయం

పోచంపల్లి చీర మగ్గం మీదికి రావడానికి ముందు ఆసు పోయడం అనే పని ఒకటి ఉంటుంది. చట్రానికి అమర్చిన పుల్లల చుట్టూ నూలును ఒక క్రమంలో తిప్పడమే ఆసు పోయడం. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ కదపాలి. నాలుగైదు గంటలు పట్టే ఈ పనిని ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్ళే చేసేవారు. ఆసు పోసి పోసి భుజాలు పడిపోయేవి. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతంలోని శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధను చూసి ఈ పనికి యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. కొన్నేళ్ళ ప్రయత్నం తరువాత 1999లో 'లక్ష్మీ ఆసు యంత్రం' పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, యంత్రం ఆసు పనిని మాత్రమే తీసుకుంది. డిజైను ఎంచుకోవడం, చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం మనుషుల చేతిలోనే ఉన్నాయి. రెండు, ఆసు ఎలా పోయాలో పూర్తిగా తెలిసిన ఇంటి నుంచే ఆ యంత్రం వచ్చింది. నూలు ఎక్కడ తప్పిందో చూడగానే చెప్పగలిగినవారే యంత్రం పని సరిగ్గా ఉందో లేదో తేల్చగలిగారు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రంగంలో కోడ్ రాయడం అనే పనిని ఏఐ సాధనాలు, అంటే కృత్రిమ మేధతో నడిచే సాధనాలు, చాలావరకు తీసుకుంటున్నాయి. మరి మనిషికి మిగిలే పని ఏది? దాన్ని చేయగల నైపుణ్యం కొత్తగా నేర్చుకొనేవారికి ఎలా వస్తుంది? ఈ యూనిట్‌లో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

9.2 సాఫ్ట్‌వేర్ పనిలోని దశలు

సాఫ్ట్‌వేర్ తయారీ అంటే కోడ్ రాయడమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఐదు దశలు ఉన్నాయి.

1. అవసరాన్ని తెలుసుకోవడం: వాడేవారికి ఏం కావాలో, వారి పని ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకోవడం.
2. రూపకల్పన: సమస్యను చిన్న భాగాలుగా విడగొట్టి, ఏ భాగం ఏం చేయాలో నిర్ణయించడం.
3. కోడ్ రాయడం: ఆ నిర్ణయాలను ప్రోగ్రామింగ్ భాషలో పెట్టడం.
4. పరీక్షించడం: ఫలితం సరైనదో కాదో వేర్వేరు సందర్భాల్లో సరిచూడడం.
5. నిర్వహణ: లోపాలను సవరించడం, నియమాలు మారినప్పుడు ప్రోగ్రాంను మార్చడం.

మూడో దశను యంత్రానికి అప్పగించే ప్రయత్నం కొత్తది కాదు. తొలి రోజుల్లో ప్రోగ్రామర్లు యంత్ర సంకేతాలను నేరుగా అంకెల్లో రాసేవారు. 1952లో గ్రేస్ హాపర్ 'ఏ-0' అనే తొలితరం కంపైలర్‌ను తయారుచేశారు. 1957లో ఫోర్‌ట్రాన్ భాష వచ్చింది. దానితో గణిత సూత్రాలకు దగ్గరగా ఉండే రూపంలో ప్రోగ్రాం రాస్తే, దాన్ని యంత్ర భాషలోకి మార్చే పనిని కంపైలర్ చూసుకొనేది. దీనివల్ల ప్రోగ్రామర్ల అవసరం తగ్గలేదు. ప్రోగ్రాం రాయడం తేలికైన కొద్దీ బ్యాంకులు, రైల్వేలు, కార్యాలయాలు ఎన్నో కొత్త పనులకు కంప్యూటర్లను వాడసాగాయి.

అయితే కంపైలర్‌కూ ఏఐ సాధనానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కంపైలర్ నిర్ణీత నియమాల ప్రకారం పనిచేస్తుంది. మనం స్పష్టంగా చెప్పనిదాన్ని ఊహించి ప్రోగ్రాంలో చేర్చదు. ఏఐ సాధనం మాత్రం మనం చెప్పకుండా వదిలిన విషయాలను తానే ఊహించి పూరిస్తుంది. ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు రకాల కోడ్ ఇవ్వవచ్చు.

9.3 ఏఐ సాధనాలు కోడ్ ఎలా రాస్తాయి?

ఈ సాధనాల వెనుక ఉండేది పెద్ద భాషా నమూనా. కోట్ల పుటల పాఠ్యాన్ని, అందరికీ అందుబాటులో ఉన్న కోడ్‌ను ఉపయోగించి దానికి శిక్షణ ఇస్తారు. ముందున్న పాఠ్యాన్ని బట్టి తరువాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అది అంచనా వేస్తుంది. ఆ ముక్కను టోకెన్ అంటారు. ఇలా ఒక్కో టోకెన్‌ను చేర్చుకుంటూ పోతే పూర్తి కోడ్ తయారవుతుంది.

2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థ 'కోపైలట్' సాధనాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. ఏడాది తరువాత దాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. మొదట్లో ఇటువంటి సాధనాలు ఒకటి రెండు వరుసలు సూచించేవి, అడిగినదానికి జవాబు చెప్పేవి. ఇప్పుడు 'ఏజెంట్' అనే రకం సాధనాలు ప్రాజెక్టులోని ఫైళ్ళను చదివి, వాటిలో మార్పులు చేసి, పరీక్షలు కూడా నడుపుతున్నాయి. తమ సంస్థలోని కొన్ని ప్రాజెక్టుల్లో 20 నుంచి 30 శాతం కోడ్‌ను సాఫ్ట్‌వేరే రాస్తోందని హైదరాబాదులో పుట్టిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) సాఫ్ట్‌వేర్ తయారీలోని ఐదు దశలను రాయండి.
ఆ) కంపైలర్‌కూ ఏఐ సాధనానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?

9.4 ఉదాహరణ: ధాన్యం కొనుగోలు లెక్క

మీ ఊరి ధాన్యం కొనుగోలు కేంద్రం వారు మిమ్మల్ని ఒక చిన్న ప్రోగ్రాం అడిగారనుకుందాం. బస్తాల సంఖ్య ఇస్తే రైతుకు రావలసిన మొత్తం చూపాలి. మీరు ఏఐ సాధనానికి ఇంతే చెప్పారు: "వరి ధాన్యం బస్తాల సంఖ్యను బట్టి రైతుకు చెల్లించవలసిన మొత్తం లెక్కించు. మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు." ఇది 2025-26 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం 'ఏ' గ్రేడు వరికి ప్రకటించిన మద్దతు ధర.

బస్తా బరువు ఎంతో మీరు చెప్పలేదు. సాధనం బస్తాకు 50 కిలోలని ఊహించుకుందనుకోండి. 100 బస్తాలకు 50 క్వింటాళ్ళు అవుతాయి. మొత్తం 1,19,450 రూపాయలని చూపుతుంది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాల్లో తప్పు చూపదు.

మీ కేంద్రంలో మాత్రం బస్తా 40 కిలోలుగా తూస్తారు. అప్పుడు 100 బస్తాలకు 40 క్వింటాళ్ళు, అంటే 95,560 రూపాయలు. పైగా తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. దాని సంగతి కూడా మీరు చెప్పలేదు. సన్న వడ్లు తెచ్చిన రైతుకు బోనస్ 20,000 కలిపితే 1,15,560 రూపాయలు రావాలి.

ఈ అంకెలను పట్టికలో చూడండి.

రైతు - ప్రోగ్రాం చూపిన మొత్తం - సరైన మొత్తం - తేడా
సన్న వడ్లు, 100 బస్తాలు - 1,19,450 - 1,15,560 - 3,890
దొడ్డు వడ్లు, 100 బస్తాలు - 1,19,450 - 95,560 - 23,890

మొదటి వరుసలో రెండు తప్పులు ఉన్నాయి. బస్తా బరువు ఎక్కువ పడింది, బోనస్ కలవలేదు. ఒక తప్పు మరొకదాన్ని చాలావరకు కప్పేయడంతో మొత్తం సరైనదానికి దగ్గరగా కనిపిస్తోంది. సన్న వడ్ల రైతు ఒక్కరి లెక్కే చూసి ఊరుకుంటే తప్పు దొరకకపోవచ్చు. దొడ్డు వడ్ల రైతు లెక్క కూడా చూస్తే వెంటనే బయటపడుతుంది.

ఇక్కడ కోడ్ రాయడంలో లోపం లేదు. అవసరాన్ని తెలుసుకోవడంలో, పరీక్షించడంలో లోపం ఉంది. అంటే మొదటి దశలో, నాలుగో దశలో. బస్తా ఎన్ని కిలోలో సాధనానికి తెలిసే వీలు లేదు. కాంటా దగ్గర నిలబడి చూసిన మీకు తెలుసు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పెరిగిన విద్యార్థికి ఇది చిన్న అర్హత కాదు.

9.5 పని నిజంగా వేగవంతమైందా?

ఈ విషయంలో రెండు అధ్యయనాలు భిన్నమైన ఫలితాలు చూపాయి.

కోపైలట్‌ను పరీక్షించడానికి గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 95 మంది ప్రోగ్రామర్లతో ఒక ప్రయోగం చేశారు. జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయడం వారికిచ్చిన పని. సాధనం లేనివారికి సగటున 161 నిమిషాలు, ఉన్నవారికి 71 నిమిషాలు పట్టింది.

2025లో మెటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులకు, వారు ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్ద ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చింది. ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిసిన తరువాత కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వారు భావించారు.

రెండు ఫలితాలూ నిజం కావచ్చు. మొదటిది కొత్తగా మొదలయ్యే, స్పష్టమైన, చిన్న పని. రెండోది లక్షల వరుసల పాత కోడ్‌లో, అక్కడి పద్ధతులు చెడకుండా చేయవలసిన మార్పు. అలాంటి చోట సాధనం ఇచ్చినదాన్ని చదవడానికి, సరిదిద్దడానికి సమయం పడుతుంది. రెండో అధ్యయనం చిన్నది, అప్పటి సాధనాలకు పరిమితమైనది. అయినా వేగంగా చేశామన్న అనుభూతిని నమ్మకుండా గడియారంతో కొలవాలని అది నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
60 బస్తాల సన్న వడ్లకు 9.4లోని ప్రోగ్రాం చూపే మొత్తం ఎంత? సరైన మొత్తం ఎంత?

9.6 కొత్తగా చేరేవారి పరిస్థితి

సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరిన కొత్త ఉద్యోగికి మొదట చిన్న పనులు ఇస్తారు. ఒక ఫారం తయారుచేయడం, చిన్న లోపం సవరించడం, పరీక్షలు రాయడం వంటివి. వీటి విలువ సంస్థకు తక్కువే అయినా, కొత్తవారు పని నేర్చుకొనేది వీటిమీదే. ఇప్పుడు ఏఐ సాధనాలు బాగా చేయగలిగినవి కూడా ఇవే.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీతాల వివరాలను పరిశీలించి 2025 ఆగస్టులో ఒక అధ్యయనం వెలువరించారు. 22 నుంచి 25 ఏళ్ళ వయసున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంఖ్య 2022 చివరినాటి గరిష్ఠ స్థాయి నుంచి దాదాపు 20 శాతం తగ్గిందని అందులో తేలింది. అనుభవం ఉన్నవారి విషయంలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. మన దేశంలో టీసీఎస్ 2025 జూలైలో సుమారు 12,000 మందిని తగ్గించుకుంటున్నట్లు ప్రకటించింది. దీనికి కారణం ఏఐ కాదని, నైపుణ్యాల పొంతన కుదరకపోవడమని సంస్థ చెప్పింది. కాబట్టి ప్రతి ఉద్యోగ నష్టాన్నీ ఏఐ ఖాతాలో వేయరాదు. కొత్తవారి దారి ఇరుకవుతోందన్న సూచనను తేలికగా తీసుకోనూరాదు.

మన ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబరులో నల్లగొండలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు చేసి, హైదరాబాదులోనే ఉద్యోగం వెతుక్కొనే అవసరం లేకుండా సొంత జిల్లాలోనే పని దొరకాలన్నది వాటి వెనుక ఉన్న ఆశ. చిన్న పట్టణాలకు మొదట చేరేవి సాధారణంగా చిన్న పనులే. వాటిని సాధనం చేసేస్తే, ఈ ప్రాంతపు యువత స్థానిక అవసరాలను తెలుసుకోవడం, ఫలితాన్ని సరిచూడడం, పాత ప్రోగ్రాంలను నిర్వహించడం వంటి పనులకు సిద్ధపడవలసి ఉంటుంది.

9.7 అభ్యాసకులు పాటించవలసిన పద్ధతి

ఉద్యోగం చేస్తూనో, పొలం పనులు చూసుకుంటూనో చదివే మీకు సమయం తక్కువ. అసైన్‌మెంట్‌ను ఏఐ చేత రాయించుకోవాలనిపించడం సహజం. అయితే తప్పు ఎక్కడుందో కనిపెట్టే నేర్పు, స్వయంగా రాసి తప్పులు చేసి దిద్దుకున్నవారికే వస్తుంది. అందుకే ఈ పద్ధతిని పాటించండి.

1. ముందు మీరు రాయండి: సమస్యను కాగితం మీద అడుగులుగా రాసుకోండి. కనీసం అరగంట సొంతంగా ప్రయత్నించిన తరువాతే సాధనాన్ని అడగండి.
2. కారణం అడగండి: పూర్తి కోడ్ అడిగే బదులు, మీ కోడ్‌లో తప్పు ఎక్కడుందో, అది ఎందుకు తప్పో తెలుగులోనే అడగండి.
3. ప్రతి వరుసనూ వివరించండి: అర్థం కాని వరుసను మీ ప్రోగ్రాంలో ఉంచకండి.
4. జవాబు ముందే లెక్కకట్టండి: కనీసం మూడు సందర్భాలకు ఫలితాన్ని చేతితో లెక్కించి ప్రోగ్రాం ఫలితంతో పోల్చండి. సున్నా బస్తాల వంటి సందర్భాన్ని మరచిపోకండి.
5. ఇతరుల వివరాలు ఇవ్వకండి: రైతుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు సాధనంలో పెట్టకండి. పరీక్షకు కల్పిత వివరాలు చాలు.

9.8 సారాంశం

సాఫ్ట్‌వేర్ తయారీలోని ఐదు దశల్లో ఏఐ సాధనాలు కోడ్ రాయడాన్ని ఎక్కువగా మార్చాయి. అవి చెప్పని విషయాలను ఊహించి పూరిస్తాయి. అందువల్ల ఆగకుండా నడిచే ప్రోగ్రాం కూడా తప్పు ఫలితం ఇవ్వవచ్చు. చిన్న, కొత్త పనుల్లో వేగం పెరుగుతున్నా, పెద్ద పాత ప్రాజెక్టుల్లో ప్రతిసారీ పెరగడం లేదు. కొత్తవారు నేర్చుకొనే చిన్న పనులనే సాధనాలు తీసుకుంటున్నాయి కాబట్టి, ఆ అభ్యాసాన్ని విద్యార్థి దశలోనే సొంతంగా పూర్తిచేసుకోవాలి. ఆసు పోయడం తెలిసినవారే ఆసు యంత్రం పనిని సరిచూడగలిగినట్లు, కోడ్ రాయడం తెలిసినవారే ఏఐ రాసిన కోడ్‌కు బాధ్యత వహించగలరు.

9.9 ముఖ్య పదాలు

కంపైలర్: ప్రోగ్రామింగ్ భాషలో రాసినదాన్ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం.
పెద్ద భాషా నమూనా: విస్తారమైన పాఠ్యంతో శిక్షణ పొంది, తరువాత వచ్చే టోకెన్‌ను అంచనా వేసే వ్యవస్థ.
ఏజెంట్: ఫైళ్ళను చదివి, మార్చి, పరీక్షలు నడిపి, ఒక పనిని పలు అడుగుల్లో పూర్తిచేసే ఏఐ సాధనం.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఏఐ సాధనాల వల్ల సాఫ్ట్‌వేర్ పనిలో వచ్చిన మార్పులను సోదాహరణంగా వివరించండి.
2. కొత్తగా చేరే ఉద్యోగులపై ఏఐ సాధనాల ప్రభావాన్ని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పని వేగంపై జరిగిన రెండు అధ్యయనాలను పోల్చండి.
2. మీ ఊరిలోని ఒక లెక్కను ఎంచుకొని, దానికి ప్రోగ్రాం రాయించేటప్పుడు సాధనానికి తప్పక చెప్పవలసిన వివరాలను రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2కు జవాబు: ప్రోగ్రాం చూపేది 71,670 రూపాయలు. సరైన మొత్తం, 24 క్వింటాళ్ళకు మద్దతు ధర 57,336, బోనస్ 12,000 కలిపి 69,336 రూపాయలు.