చేప కడుపులో గాలి

హైదరాబాద్‌లోని సైనిక్‌పురికి సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. అయినా బంగాళాఖాతంలో వల ఎక్కడ వేస్తే లాభమో చెప్పే సలహా ఈ నగరం నుంచే వెళ్తుంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పంపిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ, నీటిలోని పత్రహరితాన్నీ చూసి, చేపలు చేరే వీలున్న చోట్లను తెలుగులో కూడా ప్రకటిస్తుంది. విలువైన సేవే. అయితే ఉపగ్రహానికి కనిపించేది చేప కాదు, చేపకు ఆహారమయ్యే జీవి మేసే పచ్చిక. అదీ పైపొరలో మాత్రమే. బీడులో గడ్డి బాగా పెరిగిందని తెలిసినంత మాత్రాన మందలో ఎన్ని మేకలున్నాయో తెలియదు కదా! ఆ లెక్క తేల్చాలంటే నీళ్లలో వెలుతురు పోలేనంత దూరం పోయేది కావాలి. శబ్దం పోతుంది. దాన్ని పంపి, తిరిగొచ్చినదాన్ని వినే యంత్రమే ఎకో సౌండర్. మరబోట్లలో దాన్ని ఫిష్ ఫైండర్ అంటారు. మన తీరంలో అది వేట సాధనంగా స్థిరపడింది. కొలబద్దగా దానికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదన్నదే నా వాదన.

పడవ అడుగున బిగించిన పింగాణీ బిళ్ల క్షణంలో చిన్న భాగం పాటు అదురుతుంది. ఆ శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో కిందికి పోయి, దేన్నో తాకి వెనక్కి వస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ఇంతవరకు బోటు సరంగులందరికీ తెలిసిందే. తెలియాల్సింది, ఆ శబ్దం దేన్ని తాకుతోందన్నది. చేప కండ సాంద్రత సముద్రపు నీటికి ఎంతో దగ్గర. అందుకని శబ్దం పెద్దగా అడ్డులేకుండానే దాన్ని దాటిపోతుంది. దాన్ని నిలబెట్టేది కడుపులోని గాలితిత్తి. నీళ్లలో ప్రయాణించే శబ్దానికి గాలి ఎదురైతే గోడ ఎదురైనట్టే. తిత్తి ఉన్న చేప ఇచ్చే ప్రతిధ్వనిలో 90 శాతానికి పైగా ఆ తిత్తిదేనని శాస్త్రవేత్త కెన్నెత్ ఫుట్ 1980లో చూపించాడు. అంటే తెర మీద మచ్చగా పడేది చేప కాదు, అది మోసుకు తిరిగే గుప్పెడు గాలి. ఇక ఎన్ని చేపలన్న ప్రశ్న. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ లెక్కే. ఒంటరి చేప దూరం రెట్టింపైతే, శబ్దం పోయేటప్పుడు నాలుగోవంతుకు పలచబడుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ నాలుగోవంతుకు. మొత్తం మీద పదహారో వంతు మిగులుతుంది. పొరలా పరుచుకున్న గుంపు అలా కాదు. లోతుకు పోయేకొద్దీ శబ్దం గొడుగులా విచ్చుకుని నాలుగు రెట్ల చేపలను కమ్ముతుంది కాబట్టి నాలుగోవంతు మిగులుతుంది. యంత్రం ఈ రెండు నష్టాలనూ విడివిడిగా పూడుస్తుంది. ఒక సవరణతో ఒక్క చేప పలుకు ఎంతో తెలుస్తుంది, రెండోదానితో గుంపు మొత్తం పలుకు తెలుస్తుంది. దీన్ని దానితో భాగిస్తే చేపల సంఖ్య. వందల ప్రతిధ్వనులు ఒకదాని మీదొకటి పడి గందరగోళం కాదా? అవుతుంది. కానీ చేపలు చెల్లాచెదురుగా ఉండటం వల్ల ఒకసారి అలలు కలిసి పెరిగితే, మరోసారి ఒకదాన్నొకటి తుడిచేసుకుంటాయి. అనేక సార్లు విని సగటు తీస్తే శక్తులు మాత్రం నికరంగా కూడుతాయి. ఆ చిందరవందరే లెక్కను నిలబెడుతోంది.

మాజీ సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురిలో సోనార్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 1942లో కాలిఫోర్నియా తీరాన జలాంతర్గాముల కోసం దాన్ని పరీక్షిస్తున్నవారికి, నేల ఎంతో లోతున ఉండాల్సిన చోట నడిమధ్యనే మరో నేల కనిపించింది. 1945లో జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ రాత్రీ పగలూ గమనిస్తే, అది సందెవేళ పైకి లేచి తెల్లవారేసరికి దిగిపోతోంది. నేల లేచి రాదు. అది మేతకు కదిలే ప్రాణుల పొర. యుద్ధానికి అడ్డమనుకున్నది జీవశాస్త్రానికి ఆధారమైంది. అలాంటిదే మన తీరంలోనూ ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2009 నుంచి విశాఖపట్నం, గోపాల్‌పూర్, కడలూరుల ఎదుట సముద్రపు వాలులో డాప్లర్ యంత్రాలను లంగరు వేసి ఉంచింది. అవి కొలిచేది ప్రవాహాల వేగం. వట్టి నీళ్లు ప్రతిధ్వని ఇవ్వవు, నీటితో పాటు కొట్టుకుపోయే జంతు ప్లవకాలు, రేణువులు ఇస్తాయి. వాటి నుంచి వచ్చిన శబ్దపు పౌనఃపున్యం ఎంత మారిందన్నదాన్ని బట్టి ప్రవాహ వేగం తెలుస్తుంది. ఎంత గట్టిగా వచ్చిందన్న అంకె కూడా ఆ పెట్టెలోనే నమోదవుతుంది. అరేబియా సముద్రంలో ఇలాంటి యంత్రాలు దాచిన ఆ రెండో అంకెలనే ఆ సంస్థవారు వలతో పట్టిన నమూనాలతో సరిచూసి, జంతు ప్లవకాలు ఏ ఋతువులో పెరిగేదీ ఎప్పుడు తగ్గేదీ గీసి చూపారు.

శబ్దం జాతి చెప్పదు కదా అన్నది గట్టి అభ్యంతరమే. పసుపు రెక్కల ట్యూనాకు తిత్తి ఉంది, స్కిప్‌జాక్ ట్యూనాకు లేదు. రెండూ ఒకే పరిమాణంలో ఉన్నా సమానంగా పలకవు. జంతు ప్లవకాల్లోనూ ఇదే చిక్కు: గాలిబుడగ ఉన్న ఒక్క సైఫనోఫోర్ వేల కోపిపాడ్ల కన్నా గట్టిగా పలుకుతుంది. పైగా 38 కిలోహెర్ట్జ్ శబ్దపు అల నాలుగు సెంటీమీటర్లు, ఆవగింజంత జీవి దానికి ఆనదు. అందుకే 120, 200 కిలోహెర్ట్జ్‌లతో కూడా ఒకేసారి వింటారు. తిత్తి ఉన్న చేప అన్నిటిలోనూ ఇంచుమించు ఒకేలా పలికితే, రొయ్యపిల్ల లాంటి క్రిల్ ఎగువ పౌనఃపున్యాల్లో గట్టిగా పలుకుతుంది. నార్వే నీళ్లలో ఒకే జాతి గుంపులు పెద్దగా ఉంటాయి కనుక పని సులువు. మన దగ్గర కవళ్లు, కానగంతలు, నెత్తళ్లు కలగలిసి తిరుగుతాయి. కాబట్టి ఇక్కడ వల పక్కన లేకుండా శబ్దాన్ని నమ్మకూడదని నేనూ ఒప్పుకుంటాను. అది ఇక్కడ ఎక్కువ వలలు, ఎక్కువ సరిచూపులు కావాలనడానికి కారణం, వద్దనడానికి కాదు.

రేవుకు చేరిన చేపల లెక్క చాలదా అనేవారికి జవాబు ఏటా వేసవిలో దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. వేట లేనప్పుడు ఆ లెక్కా ఉండదు. జూన్ 15 తర్వాత వలలు నిండితే, చేప పెరిగిందా, బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరాయా అన్నది ఆ లెక్క విడదీయలేదు. శబ్దానికి వేటతో పని లేదు. ఏప్రిల్ 15కు ముందు ఒకసారి, జూన్ 14 లోపు మరోసారి, ఒకే దారిలో ఒకే యంత్రంతో ఇచ్ఛాపురం నుంచి తడ వరకు వింటూ వెళ్లాలి. విశాఖ ఎదుట లంగరేసిన యంత్రాల రెండో అంకెలను కూడా ఆ ఫలితాలతో పాటు అందరికీ అందుబాటులో ఉంచాలి. మత్స్య శాఖకూ, సముద్ర సంస్థలకూ నా విన్నపం ఇదే.