ఈ-రిక్షా మోటారు - కరెంటు అదుపు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్‌లో విద్యుత్ ఇంజన్ల షెడ్డు ఉన్నది. బొగ్గు బండ్లను లాగిన డబ్ల్యు.ఎ.జి.-7 తరగతి ఇంజన్లవి డి.సి. మోటార్లు. బండిని కదిలించేటప్పుడు వాటికి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇవ్వరు. ఆమ్మీటరును గమనిస్తూ 32 మెట్లలో క్రమంగా పెంచుతారు. స్టేషను బయట నిలిచే ఈ-రిక్షాలో ఇదే పనిని కంట్రోలరు అనే చిన్న పెట్టె చేస్తుంది. ఋణంపై ఈ-రిక్షా కొనేవారు, అమ్మేవారు కూడా దీని పనితీరును తెలుసుకొనుట మంచిది.

తిరుగుతున్న మోటారులో బ్యాటరీకి ఎదురుగా ఒక వోల్టేజి పుట్టి కరెంటును అణచి ఉంచుతుంది. నిలిచి ఉన్న మోటారులో అది ఉండదు. తీగచుట్ల నిరోధం 0.1 ఓము అనుకొందాం. 48 వోల్టులు నేరుగా తగిలితే లెక్క ప్రకారం 480 ఆంపియర్లు! అందుచేత కంట్రోలరు సరఫరాను సెకనుకు వేలసార్లు తెరచి మూస్తుంది. తెరచి ఉంచే వ్యవధి తగ్గితే మోటారుకు అందే సగటు వోల్టేజి తగ్గుతుంది. కరెంటును కొలిచేందుకు లోపల షంటు అనే లోహపు పట్టీ ఉంటుంది. కరెంటు హద్దు మీరగానే వ్యవధి దానంతట అదే తగ్గిపోతుంది.

బ్యాటరీ మీటరును చూసి మోసపోరాదు. నాలుగో వంతు కాలమే సరఫరా తెరచి ఉన్నప్పుడు బ్యాటరీ నుండి 10 ఆంపియర్లు వస్తుంటే, మోటారు చుట్లలో సుమారు 40 ఆంపియర్లు తిరుగుతుంటాయి. బరువుతో నెమ్మదిగా ఎత్తు ఎక్కే బండి మోటారు కాగిపోవడానికి కారణమిదే.

బండి ఎత్తు ఎక్కడం లేదని చెబితే కొందరు మెకానిక్కులు షంటుపై అదనంగా సోల్డరింగ్ చేస్తారు. ఇది మరమ్మతు కాదు, కంట్రోలరు కళ్ళు కప్పడమే. షంటు నిరోధం తగ్గుతుంది గనుక, 35 ఆంపియర్ల హద్దు గల పెట్టె 50 ఆంపియర్లను 35 అని భ్రమిస్తుంది. లాగే బలం కరెంటుతో పాటు పెరుగుతుంది, నిజమే. కాని వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది. బలం ఒకటిన్నర రెట్లయినా కాకముందే వేడి రెట్టింపవుతుంది. చుట్ల వార్నిష్ మాడుతుంది, కంట్రోలరులోని ట్రాన్సిస్టర్లు పేలుతాయి, బ్యాటరీ ఆయుర్దాయం తగ్గుతుంది. బండి మూలపడినా బ్యాంకు వాయిదా ఆగదు.

కొనేటప్పుడు మోటారు వాట్లు, కంట్రోలరు వోల్టేజి, కరెంటు హద్దు ఒకదానికొకటి సరిపోవునట్లు డీలరుచేత రసీదుపై వ్రాయించుకోవాలి. 2015లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఈ-రిక్షా శక్తి 4000 వాట్లకు మించరాదు.

చక్రం బురదలో దిగబడినప్పుడు యాక్సిలరేటరును తిప్పి పట్టుకోరాదు. బ్రష్‌లు లేని మోటారు నిలిచిపోతే కరెంటు చుట్లన్నిటికీ వంతుగా మారదు. అవే చుట్ల గుండా, అవే ట్రాన్సిస్టర్ల గుండా ప్రవహిస్తూ ఉంటుంది. ప్రయాణికులను దింపి బండిని తోయించడమే చవక.