ఒక్క మీటతో పోయిన ఇంటి దస్తరం

మన పత్రికలో ఇదివరకు నేను రాసినవన్నీ పొదుపు పథకాల గురించీ, ఆదాయపు పన్ను గురించీ. ఈసారి నా స్వంత పొరపాటు గురించి రాస్తున్నాను. నేను చదివింది బి.కాం. కంప్యూటరు గురించి నాకు తెలిసినదంతా బ్యాంకు కౌంటరు దగ్గర నేర్చుకున్నదే. కనుక ఇందులో పెద్ద పాండిత్యం ఏమీ ఉండదు.

మా ఇల్లు సిరోంచలో. బ్రిటిషు కాలంలో అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణంగా వెలిగి, తరువాత చాందా జిల్లాలో కలిసి, 1982 నుంచి గడ్చిరోలి జిల్లాలో ఒక మూలకు ఒదిగిన ఊరది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా తరం ఎలాగో రెండు లిపులూ పట్టుకుంది గాని, మా పిల్లలు తెలుగు మాట్లాడతారే తప్ప చదవలేరు. అందువల్లనే మా కంప్యూటర్లో రెండు వస్తువులు ప్రాణంతో సమానంగా ఉండేవి. ఒకటి, నాన్నగారు మా కుటుంబం గురించీ, ఊరి గురించీ నోట్‌బుక్కులో రాసుకున్నదంతా 2003లో నేను తెలుగులో టైపు చేయించిన అరవై రెండు పేజీల ఫైలు. 2022 జూలై వరదల్లో ఆ నోట్‌బుక్కు నాని ముద్దయిపోయింది. ఇక మిగిలింది ఆ ఫైలే. రెండోది అమ్మ గొంతు. 2019, 2020లలో ఆమె చెప్పిన కథలు, పాడిన పాటలు నలభై ఆరు రికార్డు చేసి పెట్టుకున్నాను. 2021లో అమ్మ పోయింది.

2024 సంక్రాంతికి గడ్చిరోలి నుంచి ఇంటికి వచ్చాను. కంప్యూటరు సగం దాకా వచ్చి ఆగిపోతోంది. తెలిసినవారు చెప్పినట్టు పెన్‌డ్రైవ్‌లో విండోస్ 10 వేసుకొచ్చి, రిపేరు చేద్దామని కూర్చున్నాను. తెర మధ్యలో 'ఇన్‌స్టాల్ నౌ' అని పెద్ద బొత్తాం ఉంది. 'రిపేర్ యువర్ కంప్యూటర్' అన్నది ఎడమవైపు కింద, చిన్న అక్షరాల్లో ఉంది. రుణపత్రాల్లో చిన్న అక్షరాలు చదవండని ఖాతాదారులకు ముప్పై ఏళ్లుగా చెబుతున్న నేను, పెద్ద బొత్తామే నొక్కాను.

తరువాత డిస్కు భాగాల పట్టిక వచ్చింది. మనం రోజూ చూసే సి, డి అనే అక్షరాలు అక్కడ లేవు. ఒకటో భాగం, రెండో భాగం అని అంకెలే ఉన్నాయి. పెద్ద భాగాన్ని ఎంచుకుని 'ఫార్మాట్' అన్నాను. ఇదంతా రిపేరులో భాగమే అనుకున్నాను. విండోస్ ఉన్నది చిన్న దాంట్లో కదా అని అప్పుడు తోచి, దాన్ని ఎంచుకున్నాను. పాత ఫైళ్లు 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులోకి వెళ్తాయని ఏదో హెచ్చరిక వస్తే, దానికీ సరే అన్నాను.

అరగంటకు కంప్యూటరు చక్కగా తెరుచుకుంది. కొత్తగా సున్నం వేసి సామాను లోపల పెట్టని ఇల్లులా ఉంది తెర. నాన్నగారి ఫైలు లేదు. డి డ్రైవు తెరిస్తే పూర్తిగా ఖాళీ. ఒళ్లు చల్లబడింది. మా ఆవిడ వంటింట్లోంచి "అయిందా?" అని అడిగితే, అయిందని మాత్రం అన్నాను.

మంచిర్యాలలో మా చెల్లెలి కొడుకు కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాడికి ఫోను చేసి, పోయిన ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాం ఒకటి దించుకుంటున్నానని చెప్పాను.

"మామా, ఆపు! అదేం దించకు, ఇంకేం ముట్టకు. తీగ గుంజెయ్."

"సరిగ్గా షట్‌డౌన్ చేసి..."

"గుంజెయ్ మామా, నేనొస్తున్న."

పండుగ పనులు ముగించుకుని నాలుగో రోజున వాడూ, మా చెల్లెలూ చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటి వచ్చారు. ఆ వంతెన లేని రోజుల్లో అయితే నావ కోసం ఒడ్డున కూర్చునేవారు.

వాడు చెప్పినదాన్ని నా లెడ్జరు భాషలోకి మార్చుకుంటే ఇలా అర్థమైంది. డిస్కులో ప్రతి భాగానికీ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఒక సూచిక ఉంటుంది, మన పాత లెడ్జర్ల ముందు ఖాతాదారుల పేర్ల పట్టీ ఉన్నట్టు. నేను చేసిన త్వరిత ఫార్మాట్ ఆ పట్టీని చింపి, కొత్త ఖాళీ పట్టీ అంటించింది. లోపలి పేజీలు అలాగే ఉన్నాయి. కాని పట్టీలో పేరు లేదు కనుక, కంప్యూటరు దృష్టిలో అవన్నీ ఖాళీ పేజీలే. కొత్తగా ఏది రాసినా ఆ పేజీల మీదే రాస్తుంది. నేను దించబోయిన ప్రోగ్రామే అమ్మ పాట మీద వచ్చి కూర్చోవచ్చు. అందుకే తీగ గుంజమన్నాడు.

ఇంకో సంగతీ చెప్పాడు. మాది తిరిగే పళ్లెం ఉన్న పాతరకం హార్డ్ డిస్కు కావడం మా అదృష్టమట. ఇప్పటి ఎస్.ఎస్.డి. డిస్కులకైతే ఫార్మాట్ చేసేటప్పుడే 'ట్రిమ్' అనే ఆజ్ఞ వెళుతుంది. ఆ చోటు ఇక అక్కర్లేదని తెలియగానే డిస్కే తనంతట తాను పేజీలు తుడిచేస్తుంది. అప్పుడు ఎవరొచ్చినా చేయగలిగింది దాదాపు లేదు. కొత్త డిస్కు వేయించలేదని నన్ను దెప్పిన మా అబ్బాయికి ఈ ముక్క ఫోనులో ప్రత్యేకంగా వినిపించాను.

వాడు మా కంప్యూటర్లోని విండోస్‌ను తెరవనే లేదు. పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌తో యంత్రాన్ని నడిపి, ముందుగా విండోస్.ఓల్డ్ ఫోల్డరును తన వెంట తెచ్చిన వేరే డిస్కులోకి ఎత్తాడు. పది రోజులు దాటితే విండోస్ ఆ ఫోల్డరును తానే తీసేస్తుందట. నాకు ఆరు రోజులు మిగిలి ఉన్నాయి. అందులో పాత యూజరు పేరుతో ఉన్న చోట నాన్నగారి ఫైలు దొరికింది.

దొరికిందే గాని, దాన్ని మరో కంప్యూటర్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. మా చెల్లెలు "చెడిపోయిందారా?" అని ఏడుపు మొహం పెట్టింది. చెడిపోలేదు. అది అను ఫాంటులో టైపు చేసిన ఫైలు. ఆ ఫాంట్లలో ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే వేషం తీసేసిన నటుడే మిగులుతాడు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చినా, మన అచ్చు పనులు ఆ తరువాత చాలా ఏళ్లు పాత ఫాంట్లలోనే నడిచాయి. మన పాఠకుల ఇళ్లలో కూడా ఇలాంటి ఫైళ్లు ఉండే ఉంటాయి.

ఆ ఫాంటు కూడా విండోస్.ఓల్డ్ లోపల, పాత ఫాంట్ల ఫోల్డరులోనే ఉంది. దాన్ని తీసి వేయగానే నాన్నగారి మొదటి వాక్యం తెలుగులో నిలబడింది. తరువాత దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకున్నాం. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు తారుమారయ్యాయి. అరవై రెండు పేజీలూ నేనే కూర్చుని దిద్దాను.

అమ్మ గొంతు దగ్గర మాత్రం కష్టమైంది. దానికి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాడు. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన తయారుచేసినది. అది చిరిగిన పట్టీ కోసం వెతకదు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, ఇక్కడ ఫొటో మొదలైంది, ఇక్కడ పాట మొదలైంది అని ఆనవాళ్లను బట్టి ఏరుతుంది. పోయిన డిస్కులో ఏమీ రాయదు. దొరికినవన్నీ వేరే డిస్కులో పెడుతుంది. రాత్రంతా నడిచింది. పొద్దున చూస్తే పదకొండు వందలకు పైగా శబ్దపు ఫైళ్లు. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఎప్పుడో చెరిపేసిన సినిమా పాటలు కూడా లేచి వచ్చాయి.

ఇక నేనూ, చెల్లెలూ రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటే విన్నాం. తొలి రోజు మధ్యాహ్నం దాకా ఘంటసాల, సుశీలే. తరువాత హఠాత్తుగా అమ్మ. చిన్నప్పుడు నావలో నది దాటి కాళేశ్వరం పోవడం, అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఎందుకున్నాయో వాళ్ల నాయనమ్మ చెప్పిన కథ. చెల్లెలు లేచి బయటికి వెళ్లిపోయింది. వాడు స్పీకరు ఆపబోతే వద్దన్నాను.

నలభై ఆరింటిలో నలభై ఒకటి దొరికాయి. వాటిలో మూడు మధ్యలో తెగిపోయాయి. పెద్ద ఫైళ్లు ఒక్కోసారి ముక్కలుగా వేర్వేరు చోట్ల ఉంటాయట. పట్టీ లేనిదే ఏ ముక్క దేని తరువాతదో ఆ ప్రోగ్రాముకు తెలియదు. మిగిలిన అయిదూ రాలేదు. వాటిలో ఒక బతుకమ్మ పాట ఉంది. చెల్లెలికి నాలుగు చరణాలే గుర్తున్నాయి. అవి తన గొంతుతో రికార్డు చేయించాను.

1984, 1989 సంవత్సరాల్లో వచ్చిన రంగరాజన్ కమిటీల నివేదికల తరువాత బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చిన తరంవాణ్ణి నేను. 1993లో చేరినప్పుడు సాయంత్రం ఖాతాలు సరిపోయినా, ఫ్లాపీల్లో బ్యాకప్ తీసి, ఒక ప్రతి బీరువాలో, ఇంకో ప్రతి వేరే శాఖలో పెట్టనిదే మేనేజరుగారు ఇంటికి పంపేవారు కాదు. పరాయివాళ్ల డబ్బు లెక్కలకు అంత జాగ్రత్త. దీపం కిందే చీకటి! ఇప్పుడు ఒక ప్రతి సిరోంచలో, ఒకటి మంచిర్యాలలో చెల్లెలి దగ్గర, ఒకటి పుణెలో మా అబ్బాయి దగ్గర ఉన్నాయి. వాడు నాన్నగారి ఫైలు చదవలేడు. అందుకని ఆదివారాలు ఫోనులో రెండేసి పేజీలు చదివి వినిపిస్తున్నాను. ఇప్పటికి పద్దెనిమిదో పేజీలో ఉన్నాం.

మీలో ఎవరి దగ్గరైనా తెలుగుకు బదులు పిచ్చిగీతలు చూపించే పాత ఫైళ్లుంటే, పారేయకుండా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చే మన సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. మా మేనల్లుడు కూడా వస్తానన్నాడు. పాత ఫాంట్లు ఉన్నవారు అవి కూడా తెస్తే మరీ మంచిది.