బిల్లులో “ఇతరములు”

కారుకు దెబ్బ తగలటం ఒక ఎత్తు. దాని మరమ్మతు బిల్లు చదువుకోవటం మరొక ఎత్తు. మాలూరు రోడ్లమీద పెంకుల లారీలు, ఇటుకల లారీలు తిరుగుతున్నంతకాలం మన సంఘంవారి కార్లకు సొట్టలు తప్పవు గనుక, మా అనుభవం నలుగురికీ పనికివస్తుందని వ్రాస్తున్నాము.

వెనుకనుంచి ఇటుకల లారీ తగిలి మా కారు బంపరు, డిక్కీ మూత, ఒక దీపము పోయినవి. షెడ్డువారు మొదట వేసిన అంచనా 34,500 రూపాయలు. బండి తెచ్చుకోబోయిననాడు చేతికిచ్చిన బిల్లు 41,860. పెరిగిన దానిలో “కన్స్యూమబుల్స్” 2,860, “ఇతరములు” 4,500. ఇతరములంటే ఏమిటయ్యా అని అడిగితే, “అన్నీ కలిపి సార్” అన్నాడు లెక్కల కుర్రవాడు. పచారీ కొట్టు చీటీలో కూడా ఇంత గుట్టు ఉండదు!

డబ్బు కట్టకుండా బండి తోలుకుపోతామంటే కుదరదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, వస్తువుమీద పనిచేసినవాడు తన కూలి ముట్టేదాకా దానిని అట్టేపెట్టుకోవచ్చును. అయితే ఆ హక్కు చేసిన పనికే గాని, చేయని పనికి కాదు. కనుక కేకలు వేయక, అంచనా, ఇన్సూరెన్సు సర్వేయరు రిపోర్టు, బిల్లు మూడూ ప్రక్కప్రక్కన పరచినాము. సర్వేయరు రిపోర్టు నకలు పాలసీదారు అడిగి తీసుకోవచ్చును. చాలామంది అడగనే అడగరు.

ఇన్సూరెన్సువారు కోసినదంతా షెడ్డు దోషం కాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తారు. అద్దానికి కోత లేదు. క్లిప్పులు, నట్లు, గ్రీజు వంటివి మన నెత్తినే పడతవి. కన్స్యూమబుల్స్ అంటే ఇవే. వివరం వ్రాసి ఇచ్చినారు, ఒప్పుకున్నాము.

“ఇతరముల”కు మాత్రం ఏ సామాను, ఎన్ని, కూలి ఎంత అని కాగితంమీద అడిగినాము. రెండురోజులకు జవాబు వచ్చినది: బండి లాగి తెచ్చినందుకు 1,300, ముందు తలుపు రంగుకు 3,200. వెనుక తగిలిన లారీకి ముందు తలుపుతో పనేమి? పైగా ఆ తలుపుమీద మా పాత గీత అట్లే ఉన్నది! చూపించగానే 3,200 కొట్టివేసి కొత్త బిల్లు ఇచ్చినారు.

వారు వినకపోతే, “అభ్యంతరముతో చెల్లించినాము” అని బిల్లుమీద వ్రాసి డబ్బు కట్టి, బండి తెచ్చుకొని, 1915 కు ఫోను చేసేవారమే. దానితోనూ తెమలకపోతే కోలారులో జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. షెడ్డు బెంగుళూరులో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు.