ఇనుము లోపం – రక్తం కంటే ముందే మెదడుకు నష్టం

ఇనుము లోపమనగానే రక్తహీనతయే స్ఫురిస్తుంది. పాలిపోయిన కనురెప్పలు, ఆయాసం, నీరసం వంటి లక్షణాల ద్వారా దీనిని గుర్తించడం, హిమోగ్లోబిన్ తగినంత ఉంటే ఇనుము కొరత లేదని భావించడం పరిపాటి. కానీ రక్తహీనత ఇనుము లోపంలో చివరి దశ మాత్రమే. అంతకు ముందే మెదడు పనితీరు దెబ్బతినే అవకాశమున్నది. పోషకాహార విస్తరణలో ఈ అంశానికి తగిన ప్రాధాన్యం లభించవలసి ఉన్నది.

మెదడులో ఇనుము పాత్ర

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. ఈ ఆక్సిజన్‌తో కణాలలోని మైటోకాండ్రియా శక్తిని ఉత్పత్తి చేయడానికి ఇనుముతో కూడిన ప్రోటీనులు అవసరం. ఏకాగ్రతకు, ప్రేరణకు తోడ్పడే డోపమైన్, మానసిక స్థితిని నియంత్రించే సెరటోనిన్ తయారీలో పాల్గొనే ఎంజైములు కూడా ఇనుము లేనిదే పనిచేయవు. నాడీ తంతువులను కప్పి ఉంచి, సంకేతాలు వేగంగా ప్రసరించేందుకు దోహదపడే మైలిన్ పొర ఏర్పడడానికీ ఇనుము కావాలి.

లోపం ముదిరే క్రమం

ఆహారంలో ఇనుము తగ్గినప్పుడు మొదట శరీరంలోని నిల్వలు తరుగుతాయి. రక్తంలో ఫెరిటిన్ తగ్గడం దీనికి సూచిక. తరువాత కణజాలాలకు సరఫరా తగ్గుతుంది. చివరగా హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఎదిగే శిశువులో లభ్యమైన కొద్దిపాటి ఇనుము ముందుగా ఎర్ర రక్తకణాలకే చేరుతుంది. మెదడు వంతు తరువాతనే.

అమెరికాలోని బాల్టిమోర్ నగర ఉన్నత పాఠశాలల విద్యార్థినులపై నిర్వహించి 1996లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని బలపరచింది. రక్తహీనత లేకపోయినా ఇనుము లోపమున్న బాలికలకు 8 వారాలపాటు ఇనుము అందించగా, మాటలను నేర్చుకొని జ్ఞాపకముంచుకొనే పరీక్షలో వారు ఇనుము అందని బాలికల కంటే మెరుగైన ఫలితం చూపారు.

శైశవంలో ఏర్పడే లోపం మరింత ప్రమాదకరం. కోస్టారికా దేశంలో జరిపిన దీర్ఘకాలిక అధ్యయనంలో, శైశవంలో తీవ్రమైన ఇనుము లోప రక్తహీనతకు గురైన పిల్లలు చికిత్స పొందిన తరువాత కూడా, 5 సంవత్సరాల వయస్సులో మానసిక, చలన సామర్థ్య పరీక్షలలో వెనుకబడి ఉన్నారు. రక్తాన్ని సరిదిద్దినంత సులభంగా మెదడు ఎదుగుదలలోని లోటును పూడ్చలేమని దీని సారాంశం.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 6 నుండి 59 నెలల పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70.0 శాతం. 15–49 సంవత్సరాల స్త్రీలలో ఇది వరుసగా 58.8, 57.6 శాతం. రక్తహీనతకు ఇతర కారణాలూ ఉన్నాయి. అయితే రక్తహీనత లేకుండా ఇనుము లోపమున్నవారు ఈ లెక్కలలోకి రారు.

పంట ద్వారా పరిష్కారం

మర పట్టిన బియ్యం 100 గ్రాములలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జలలో 6 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రాహురిలోని మహాత్మా ఫూలే కృషి విద్యాపీఠం కలిసి రూపొందించిన 'ధనశక్తి' సజ్జ రకం గింజలలో కిలోకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నది. మహారాష్ట్రలో 12–16 సంవత్సరాల విద్యార్థులకు ఇనుము అధికంగా గల సజ్జలతో చేసిన వంటకాలను 6 నెలలు అందించగా, వారి ఇనుము స్థాయితోపాటు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడినట్లు వెల్లడైనది. ఒక పంట రకం ప్రయోజనం తరగతి గదిలో కూడా కనబడుతుందనడానికి ఇది నిదర్శనం.

విస్తరణలో గమనింపదగినవి

• సజ్జలలోని ఫైటేట్లు ఇనుము శోషణను తగ్గిస్తాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ద్వారా వీటిని తగ్గించవచ్చు.

• నిమ్మ, ఉసిరి, జామ వంటి విటమిన్ సి గల పదార్థాలను భోజనంతోపాటు తీసుకోవాలి. టీ, కాఫీలను భోజన సమయంలో మానాలి.

• మాంసం, చేపలు, కాలేయంలోని ఇనుము శరీరానికి సులభంగా అందుతుంది.

• తల్లిపాలలో ఇనుము స్వల్పం. కావున 6 నెలలు నిండిన శిశువుకు తల్లిపాలతోపాటు ఇనుము గల అనుబంధాహారం ప్రారంభించాలి.

• కిశోర బాలికలకు వారం వారం ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు, నులిపురుగుల నివారణ మందు తప్పక అందేలా చూడాలి.

అధికమైనా హానియే

ఎక్కువైన ఇనుమును విసర్జించే ప్రత్యేక మార్గం శరీరానికి లేదు. పార్కిన్సన్ వ్యాధిలో మెదడులోని కొన్ని భాగాలలో ఇనుము పేరుకొని ఉండడాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. కావున ప్రభుత్వ కార్యక్రమాలలో నిర్దేశించిన మోతాదుకు మించి మాత్రలు వాడవలసివస్తే, పరీక్ష, వైద్య సలహా తప్పనిసరి. ఆరోగ్యవంతులకు నిత్యాహారంలో ఇనుమును పెంచుకోవడమే సురక్షితమైన మార్గం. ఆ మార్గం పొలంలో రకం ఎంపికతోనే ఆరంభమవుతుంది.